లేచి నవ్వే షాట్

సినిమాల్లో చేరబోయే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ వస్తారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అసలు ప్రశ్న అడుగుతారు. "మేడం, మీరు ఎవరెవరితో పనిచేశారు?" పేర్లు చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని ఇంటికి పోతారు. పని గురించి మాత్రం ఒక్క ముక్క ఒంటబట్టదు. అందుకే ఈ రాతలో పెద్ద పేర్లు లేవు. నేను అసిస్టెంటు నుంచి అసోసియేటు ఎప్పుడయ్యానన్నదీ లేదు. నాకు పని నేర్పినవాళ్ళు ముఖ్యంగా ముగ్గురు. ఒకరు మద్రాసు ప్రొడక్షన్ మేనేజరు. ఇంకొకరు తండ్రి ఫ్రెంచి, తల్లి జపనీసు అయిన ఒక నటి, దర్శకురాలు. మూడో ఆమె సినిమా హాలు గడప ఎక్కువగా తొక్కని మా వీధి మనిషి. ఒక్క షాటు గురించి వాళ్ళ ముగ్గురి మధ్య నడిచిన సంగతి చెబితే నా ఉద్యోగమంతా చెప్పినట్టే.

మొహం వాళ్ళది, నోరు నాది

మాది తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం, నేతవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు గడగడా మాట్లాడేదాన్ని గానీ ఒక్క అక్షరం చదవలేకపోయేదాన్ని. మా వీధిలో అందరి సంగతీ అంతే. మద్రాసులో పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతుండగా, పక్కవాటాలో ఉండే మేకప్ ఆవిడ వెంట స్టూడియోలో అడుగుపెట్టాను. నా మొదటి పని ప్రాంప్టింగు. తెలుగు రాని హీరోయిన్లకు కెమెరా పక్కన నేలమీద కూర్చుని డైలాగు అందించడం. మొదట్లో ఎవరైనా చదివి వినిపిస్తే చెవితో పట్టుకుని చెప్పేదాన్ని. తర్వాత ఆ డైలాగు కాగితాల మీదే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఇవాళ ఇది తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ కాగితాల పుణ్యమే.

ఆ పని చిన్నదని అందరూ అనుకుంటారు. తొందరపడి అందిస్తే ఆ అమ్మాయి కళ్ళు మనవైపు తిరుగుతాయి, షాటు పాడవుతుంది. ఆలస్యం చేస్తే ఆమె మొహంలో భయం కనిపిస్తుంది. ఎదుటి మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో చూసి ఆ సందులో మాట వెయ్యాలి. ఇప్పటి పిల్లలకు ఎదుటి మనిషి ఊపిరి చూసే ఓపిక లేదు, అందరూ తెర చూస్తూ ఉంటారు.

కెమెరాకు అంత దగ్గరగా కూర్చోవడం వల్ల నాకు ఇంకో విద్య కూడా అబ్బింది. అప్పట్లో మామూలు షూటింగులకు వాడే కెమెరాలు బాగా గోల చేసేవి. మాటలు ఎలాగూ తర్వాత డబ్బింగులో చెప్పించుకునేవాళ్ళం. లోపల ఫిల్ము తిరుగుతుంటే ఆ మోత నిండుగా ఉంటుంది. ఏమీ లేకుండా తిప్పితే డొల్లగా, పలచగా ఉంటుంది. ఆ తేడా నాకు తెలుసని నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

రంగనాథం గారి ఖాళీ కెమెరా

ప్రొడక్షన్ మేనేజరు రంగనాథం గారు నెల్లూరు మనిషి. తెల్ల చొక్కా, చంకలో సంచి, నోట్లో వక్కపొడి. యూనిట్లో ఆఖరి లైటుబాయ్ భోంచేశాకే ఆయన విస్తరి ముందు కూర్చునేవారు. "అన్నం టైముకు పెట్టు, అబద్ధం టైముకు చెప్పు. ఈ రెండూ వస్తే నువ్వు మేనేజరువమ్మా" అనేవారు. ఆ అబద్ధాల్లో ఒకటి ఖాళీ కెమెరా.

పల్లెల్లో షూటింగుకు పోతే ఊరి పెద్దమనిషి ఒకాయన జరీ పంచె కట్టుకుని వచ్చి నిలబడతాడు. తన మొహం సినిమాలో పడాలి. కాదంటే మర్నాడు ఆ ఊళ్ళో మనకు మంచినీళ్ళు దొరకవు. రంగనాథం గారు ఆయన్ను మర్యాదగా నిలబెట్టి, లైట్లు వేయించి, "స్టార్ట్ కెమెరా" అనిపించేవారు. కెమెరా గిరగిరా తిరిగేది. లోపల ఫిల్ము ఉండేది కాదు.

"తప్పు కదా సార్?" అని ఒకసారి అడిగాను.

"ఏం తప్పమ్మా? ఆయన సంతోషంగా ఇంటికి పోయాడు, మనకు ఫిల్ము మిగిలింది. ఎవరికి నష్టం?" అన్నారు. 

అప్పుడు ఫిల్ము విదేశాల నుంచి రావాలి. దానికోసం ఆయన పడే పాట్లు నేను దగ్గరుండి చూశాను కనక నవ్వి ఊరుకున్నాను. ఆయన్ను చెడ్డవాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. 

చావడమే వృత్తిగా బతికిన మనిషి

తొంభైల మొదట్లో, దేశం తలుపులు తెరిచిందని పేపర్లన్నీ రాస్తున్న రోజుల్లో, ఫ్రాన్సు టీవీ వాళ్ళ తరఫున ఒక సినిమా తీయడానికి యుమి మద్రాసు వచ్చింది. ఇంటిపేరు రాయను. గుడియాత్తంలో చేతిమగ్గం మీద లుంగీలు నేసే ఒక ఇల్లు, పక్క వీధిలో కొత్తగా దిగిన పవర్‌లూముల మోత. తండ్రి చేతిమగ్గం వదలడు, చివరికి ఆ ఇంట్లోనే చనిపోతాడు. అదీ కథ. తెలుగు, తమిళం, ఇంగ్లీషు వచ్చి, ఆ ఊరు తెలిసిన మనిషి కావాలంటే రంగనాథం గారు నన్ను చూపించారు.

యుమి పుట్టి పెరిగింది ఫ్రాన్సులో. అక్కడ మొహం చూసి జపాను అమ్మాయి అన్నారట. జపాను వెళ్తే నడక చూసి ఫ్రెంచి అమ్మాయి అన్నారట. ఈ మాట విన్నప్పుడు నాకు ఆమె మీద ఒక్కసారిగా దగ్గరితనం పుట్టింది. మమ్మల్ని కూడా గుడియాత్తంలో తెలుగువాళ్ళంటారు, ఆంధ్రా పోతే అరవవాళ్ళంటారు.

చిన్న వయసు నుంచే ఆమె నటి. ఏ సినిమాలో వేసినా చచ్చిపోయే పాత్రే. గూఢచారి అయితే కాల్చేస్తారు. నర్సు అయితే జ్వరంతో పోతుంది. ప్రియురాలైతే మంచులో పడి పోతుంది, హీరో తీరిగ్గా ఏడుస్తాడు. "సినిమా సగంలో నేను పోతే గానీ వాళ్ళకు కథ ముందుకు నడవదు" అంది, గుడియాత్తం పోతూ కాట్పాడి దాటాక కారులో. నవ్వుతూ అనలేదు. బతికుండే పాత్ర ఎవరూ ఇవ్వకపోయేసరికి విసుగెత్తి దర్శకత్వం మొదలుపెట్టిందట.

"మరి మీ సినిమాలో మీరూ ఒకణ్ణి చంపుతున్నారు కదా?" అన్నాను. నాకు నోటి దురుసు మొదటి నుంచీ ఉంది.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "నాకు బాగా తెలిసింది అదొక్కటే" అంది.

ఆమె దేవత కాదు. వెలుతురు కోసమని యూనిట్‌ను మధ్యాహ్నం దాటేదాకా పస్తు పెట్టేది. ఎవరినీ మెచ్చుకునేది కాదు. మా వీధి బురదను కూడా ఆమె కెమెరా అందంగా చూపించింది, అది నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ బురదలో నడిచినవాళ్ళెవరికీ అది అందంగా కనిపించి ఉండదు.

కుప్పక్క షరతు

నటులు వద్దు, నేసేవాళ్ళే కావాలంది యుమి. మా వీధిలో మునస్వామిని చూడగానే ఎంచుకుంది. సన్నటి మనిషి, నెరిసిన మీసం, నోరు తెరిస్తే ఎగతాళి. భార్య కుప్పమ్మ నాకు వరసకు అక్క, అందుకే ఆయన నన్ను మరదలా అని పిలిచేవాడు. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నూలు అటూ ఇటూ పోయేలా నాడె విసురుతుంటే ఆమె పక్కన రాట్నం ముందు కూర్చుని ఆ నాడెకు కండెలు చుట్టేది. ఆయన మాటలకు వీధంతా నవ్వినా ఆమె నవ్వడం నేను ఎక్కువగా చూడలేదు. సినిమాలో కూడా వాళ్ళే భార్యాభర్తలు.

చావు సీను గురించి చెప్పగానే కుప్పక్క రాట్నం ఆపేసింది.

"బతికుండే మొగుణ్ణి సాప మింద పండబెట్టి నేను తల బాదుకోవాల్నా? వేండాం బిడ్డా. వేరే ఎవుర్నన్నా సూసుకోండి."

"ఉత్త యాక్టింగే కదే, పొయ్యేదేముండాది?" అన్నాడు మునస్వామి.

"నువ్వు నోరు మూసుకో. పొయ్యేది నాది."

అప్పుడు నేను ఆమెకు సినిమావాళ్ళ ఆనవాయితీ చెప్పాను. మనవైపు యూనిట్లలో శవంగా నటించినవాడు షాటు అవగానే లేచి కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా తీస్తారు. చావు ఎలా పడిందో లేవడమూ అలాగే పడితే దోషం పోతుందని నమ్మకం. పెద్ద పెద్ద హీరోలు కూడా నవ్వందే సెట్టు దాటరు.

"ఆ నవ్వు గూడా ఫిల్ములో పడతాదా?"

"పడతాది అక్కా."

"పండుకునింది పడినట్టే లేసింది పడాల. నువ్వు సెప్తాండావు గాబట్టి ఒప్పుకుంటాండా. శరి, పెట్టుకోండి."

ఇదంతా ఇంగ్లీషులో చెబితే యుమి చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది. "ప్రతి సినిమాలోనా?" అంది. ప్రతి సినిమాలోనూ అన్నాను. మనమూ తీస్తామని చెప్పమంది.

మర్నాడు మునస్వామికి చావడం నేర్పింది. ఊపిరి పైకి కాకుండా పొట్టలోకి ఎలా దించాలో, కనురెప్పలు అదరకుండా ఏం తలచుకోవాలో ఒక్కొక్కటీ చెప్పింది. ఆయనకు చక్కిలిగిలి, ఆగలేక నవ్వేస్తాడు. చివరికి ఆమె తనే చాప మీద పడుకుని చూపించింది. కళ్ళు మూసిన క్షణంలో మొహంలోంచి మనిషి వెళ్ళిపోయినట్టయింది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు గబుక్కున వెనక్కి జరిగారు. కుప్పక్క మాత్రం ముందుకొచ్చి ఆమె భుజం పట్టి కుదిపింది.

"లెయ్ మా, లెయ్. నీకెందుకు ఇది? లెయ్!"

పలచటి మోత

చావు షాటు పెంకుల సందులోంచి ఎండ ఏటవాలుగా పడే వేళ తీశాం. మునస్వామి ఈసారి నవ్వలేదు. కుప్పక్క రెండు చేతులూ చాప మీద వేసి ఏడ్చింది. కెమెరా వెనక ఉన్న మాకు కూడా కళ్ళు తుడుచుకోక తప్పలేదు. యుమి ఆపమనడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పుడు నవ్వు" అన్నాను నేను తెలుగులో, అందరికీ వినబడేట్టు. మునస్వామి లేచి, పంచె దులుపుకుని, రెండు చేతులూ జోడించి కెమెరాలోకి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. వాకిట్లో చప్పట్లు. కుప్పక్క ఆయనకు దిష్టి తీసి మెటికలు విరిచింది.

నా చెవి కెమెరా మీదే ఉంది. మద్రాసులో అద్దెకు తెచ్చిన ఆ పాత కెమెరా మోత పలచగా వినిపించింది.

"లోపల ఫిల్ము లేదు" అని యుమి చెవిలో చెప్పాను. ఆమె కెమెరామన్ వైపు చూసింది. అతను రంగనాథం గారి వైపు చూశాడు. చావు షాటుతోనే ఉన్న ఫిల్ము అయిపోయింది. కొత్త డబ్బాలు మర్నాడు సాయంత్రానికి గానీ మద్రాసు నుంచి రావు.

యుమి, రంగనాథం గారు, నేను పెరట్లోకి వెళ్ళాం. "రేపు ఫిల్ము రాగానే ఇంకోసారి నవ్వమందాం. ఇప్పుడు చెప్పి ఆ తల్లి మనసు పాడుచెయ్యడం ఎందుకమ్మా?" అన్నారు రంగనాథం గారు. నాకూ అదే సబబుగా తోచింది. 

యుమి ఒప్పుకోలేదు. "ఆమె భర్త ఇప్పుడు నా ఫిల్ములో చనిపోయి ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలిసి ఆమెకు తెలియకుండా ఉండడానికి వీల్లేదు. పద, చెప్పు" అంది.

మాటలు మార్చి చెప్పడం నా వృత్తి. ఆ రోజు చెప్పినంత కష్టంగా నేను ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. కుప్పక్క నిలబడే విన్నది.

"అయితే పండుకునింది పడిందా?"

"పడింది అక్కా."

"లేసింది పడలా?"

"పడలా."

"ఎప్పుడొస్తాది మీ ఫిల్ము?"

"రేపు సాయంత్రం."

"అప్పుడుదాకా ఈయప్ప సచ్చినట్టేనా?"

మునస్వామే నవ్వేసి, "గిల్లి సూడే, ఉండానా లేదా" అని చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

వేలూరు

మర్నాడు పొద్దున మగ్గం గుంటలోకి దిగబోతూ మునస్వామి గుండె పట్టుకుని కూలబడ్డాడు. యూనిట్ వ్యానులోనే వేలూరు తీసుకుపోయాం. గుండె ఎప్పటి నుంచో బలహీనంగా ఉందని, ఇన్నాళ్ళు ఎలా నేశాడో తెలియదని డాక్టరు చెప్పాడు. మా వీధి ఆ మాట వినలేదు. "పండబెట్టినారు, లేపలేదు" అని ఒక్కటే మాట. దారిలో ఆ మాట నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. కానీ కుప్పక్క నమ్మింది, మేము మాట ఇచ్చింది ఆమెకు.

సాయంత్రం ఫిల్ము గుడియాత్తం చేరింది. యుమి ఒక్క షాటూ తీయకుండా కెమెరా లోడు చేయించి కారులో పెట్టుకుని వేలూరు వచ్చింది. వార్డు సిస్టరు లోపలికి రానివ్వలేదు. ఆమె తప్పేమీ లేదు, పక్క మంచాల మీద కూడా ప్రాణాలే ఉన్నాయి. యుమి వాదించకుండా డాక్టరు కోసం కాచుకుని కూర్చుంది. నిలకడగా ఉంటే రెండు మూడు రోజుల్లో చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకురానిస్తాం, అక్కడ మీ ఇష్టం అన్నాడాయన.

నన్ను ఒకసారి లోపలికి వదిలారు. మునస్వామికి మాట నీరసంగా వచ్చింది. "సినిమా పెట్టె తెచ్చినారంట గదా మరదలా. ఆయమ్మకు సెప్పు, నవ్వు రెడీగా పెట్టుకోనుండా."

మర్నాడు మధ్యాహ్నం వరండాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాం, కుప్పక్క, యుమి, మధ్యలో నేను. కుప్పక్క యుమితో మాట్లాడి ఒక రోజు దాటింది. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పొద్దు సాప మింద పండుకోని సూపించినావే, అది యాడ నేర్సుకున్నావు?"

యుమి తన సినిమాల గురించి చెప్పింది. కాల్చడం, జ్వరం, మంచు, అన్నీ. నేను తెలుగులోకి మారుస్తూ పోయాను. కుప్పక్క తలవంచుకుని విన్నది.

"ఒక దాంట్లో గూడా లేసి నవ్వలేదా?"

"మా దేశంలో ఎవరూ లేవమనరు" అంది యుమి.

"నీ తల్లి సూసి ఊరుకునిందా?"

ఈ ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చాను. "కొన్నాళ్ళ తర్వాత అమ్మ నా సినిమాలు చూడడం మానేసింది, ఎందుకని నేను అడగలేదు" అంది యుమి. కుప్పక్క తన ముందున్న బన్ను సగం విరిచి ఆమె చేతిలో పెట్టింది.

ఆ మర్నాడు తెల్లవారేసరికి మునస్వామి పోయాడు. కెమెరా కారులోనే ఉంది.

పాడె మోసినవాళ్ళలో రంగనాథం గారు కూడా ఉన్నారు. వీధివాళ్ళు వద్దంటారేమో అని భయపడ్డాను, ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఆయన ఏ ఊళ్ళోనూ ఖాళీ కెమెరా తిప్పించగా నేను చూడలేదు. కర్మకాండలన్నీ అయ్యాక కుప్పక్క మాతో ఒక్క మాటే మాట్లాడింది. 

"ఆయప్ప పండుకునింది ఎవురికీ సూపియ్యొద్దు." 

యుమి చూపించనని మాట ఇచ్చింది.

దాని ఎనక ఇది

ఆ షాటు లేకుండా సినిమా నిలబడలేదు. తండ్రి మగ్గం మీద ఉంటాడు, తర్వాత ఉండడు, ఏమయ్యాడో తెలియదు. ఫ్రాన్సు నుంచి ఫోను మీద ఫోను. సినిమాలో అన్నిటికన్నా గొప్ప షాటు అదే, దాన్ని తీసేస్తే మాకు ఈ సినిమాయే వద్దని వాళ్ళు. మాట ఇచ్చానని ఈమె. ఆమెకు అది కేవలం ఒక సినిమా కాదు. ఇది పోతే మళ్ళీ దర్శకత్వం అంటే ఎవరూ పిలవరు, తిరిగి వెళ్ళి ఎవరి సినిమాలోనో చావాలి. ఆ మాట ఆమే అంది. అని, నెగెటివు కాల్చేయడానికి సిద్ధపడింది.

"కాల్చే ముందు ఆమె ఒకసారి చూస్తుందేమో అడుగు. బతిమాలొద్దు, నచ్చజెప్పొద్దు. అడిగి రా" అని నన్ను గుడియాత్తం పంపింది. నేను ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. కుప్పక్క కూడా ఎక్కువసేపు ఆలోచించలేదు. చీర మార్చుకుని నాతో మద్రాసు రైలెక్కింది.

ఎడిటింగు టేబులు మీద తెర అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. కుప్పక్క దాని ముందు కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. షాటు మొదలైంది. ఆమె రెప్ప వెయ్యలేదు. అయిపోయాక "ఇంగొకసారి" అంది. రెండోసారి కూడా చూసింది.

"నిజంగా పొయ్యిననాడు నోరు తెరుసుకోని, ముక్కులో గొట్టం పెట్టుకోని పొయ్యినాడు. ఈడ సక్కగా పండుకోనుండాడు" అంది. తర్వాత తెరనే చూస్తూ, "నా ఏడుపు గూడా ఈడే బాగుండాది. ఆ పొద్దు నాకు ఏడుపే రాలా."

యుమి నెగెటివు సంగతి ఎత్తబోయింది. కుప్పక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"మొదటి దినం మగ్గంలో కూర్సోని, పెట్టెను సూసి నవ్వి తిట్లు తినినాడే. అది యాడ?"

నాకు గుర్తొచ్చింది. మొదటి షాటులో మునస్వామి నాడె విసిరి, కెమెరాలోకి నేరుగా చూసి నవ్వేశాడు. కెమెరాలోకి చూడకూడదని యుమి కోప్పడి మళ్ళీ తీసింది. 

"అది పాడైన షాటు అక్కా, వాడరు" అన్నాను.

"పాడయిందని ఎవురు సెప్పినారు? తెండి, సూస్తా."

ల్యాబులో వెతికించి ప్రింటు వేయించేసరికి మర్నాడయింది. కుప్పక్క మా ఇంట్లోనే ఉంది. మళ్ళీ టేబులు ముందు కూర్చోబెట్టాం. గుంటలో కూర్చున్న మునస్వామి నాడె విసిరాడు, తల ఎత్తాడు, మమ్మల్నే చూసి నవ్వాడు. కుప్పక్క వేలుతో ఆ తెరను ముట్టుకుంది.

"దాని ఎనక ఇది పెట్టండి."

యుమికి చెబితే, నేను తప్పు చెప్పాననుకుని మళ్ళీ అడగమంది. "చనిపోయిన తర్వాతా?"

"సచ్చిపోయినంకనే" అంది కుప్పక్క. ఈసారి నావైపు కాకుండా యుమి వైపే చూసింది. "పండబెట్టింది మీరు. లేపాల్సింది గూడా మీరే. అట్ల పెడితే అందరికీ సూపియ్యండి. పెట్టలేదంటే కాల్సేయండి."

యుమి ఎడిటర్‌ను లేపి తనే కూర్చుంది. రెండు షాట్లనూ తన చేత్తోనే కలిపి అతికించింది.

ఫ్రాన్సు వాళ్ళు ఆ వరస చూసి తల పట్టుకున్నారు. ఇది జ్ఞాపకమా, కలా, ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది, ముందుకు జరపమన్నారు. యుమి జరపలేదు. చివరికి టీవీలో ఎవరూ చూడని వేళకు వేసి ఊరుకున్నారు. తర్వాత ఆమెతో నేను ఇంకో రెండు సినిమాలకు పనిచేశాను, రెండూ చిన్నవే. మధ్యమధ్య పొట్ట గడవడానికి నటిస్తూనే ఉండేది. అయితే ఏ సినిమాలో చనిపోయినా షాటు అయ్యాక లేచి కెమెరాలోకి నవ్వనివ్వాలని ముందే షరతు పెట్టేదట. అక్కడివాళ్ళు ఆమెకు చాదస్తం అనుకునేవారట. మొదటిసారి అలా నవ్విన షాటును తల్లికి చూపించానని మాత్రం నాకు ఫోనులో చెప్పింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. మీ కెమెరా ముందుకు వచ్చే మనిషికి మీరు డైరెక్టరు పేరు చెప్పినా చెప్పకపోయినా ఫరవాలేదు. ఆ మనిషి మీ చేతిలో ఏం పెడుతోందో తెలుసుకోండి. అది ఎక్కడ ఉందో, ఎలా ఉందో అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మిగతాదంతా పనిలో అదే వస్తుంది.

గుడియాత్తంలో ఆ సినిమాను ఒక టాకీసులో ఉదయం ఆట వేశాం. మా వీధి వీధంతా వచ్చింది. ఆ రోజు పొద్దున మగ్గాలు ఆగిపోయాయి. యుమి వెనక గోడకు ఆనుకుని నిలబడింది, నేను పక్కన. కుప్పక్క ఆడవాళ్ళ బెంచీల్లో మధ్యన కూర్చుంది. చావు షాటు రాగానే హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. కొందరు ఆడవాళ్ళు నిజం చావు ఇంట్లో ఏడ్చినట్టే గుండెలు బాదుకున్నారు. ఆ ఏడుపు ఇంకా ఆగలేదు, తెర మీద మునస్వామి మగ్గం గుంటలో కూర్చుని నాడె విసిరాడు. తల ఎత్తి మమ్మల్నందరినీ చూసి నవ్వాడు.

కుప్పక్క లేచి నిలబడింది. పక్కనున్నవాళ్ళు చీర పట్టి లాగినా కూర్చోలేదు. వెనక్కి తిరిగి, ఇంకా కళ్ళు తుడుచుకుంటున్న మా వీధివాళ్ళతో అంది.

"ఇంగ సాల్లెండి. ఆయప్ప లేసినాడు."